పది రూపాయల నోటుకు ఇంగ్లీషులో ‘ఎస్’ ఎందుకు ఉండదు?

జేబులో పది రూపాయల నోటు ఉంటే ఒకసారి తీసి చూడండి. రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం పైన ఉన్న హామీలో ‘టెన్ రుపీస్’ అని ఇంగ్లీషులో ఉంటుంది. తిప్పి చూస్తే పదిహేను భాషల పట్టీ, అందులో కింది నుంచి రెండో వరసలో ‘పది రూపాయలు’ అని తెలుగులో ఉంటుంది. ఇంతవరకు రెండు భాషలదీ ఒకటే మాట. పది ఉన్నాయి కాబట్టి బహువచనం. ఇప్పుడు ఆ కాగితం పేరు చెప్పండి. తెలుగులో ‘పది రూపాయల నోటు’. ఇంగ్లీషులో ‘టెన్ రుపీ నోట్’. నోటు మీద అచ్చయిన ఎస్ నోటు పేరులోకి వచ్చేసరికి ఎగిరిపోయింది.

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే నాకు రోజూ వినపడే మాట ‘టెన్ రుపీస్ నోట్’. ఇది బీటెక్ చదివినవాళ్ల నోటా వస్తుంది, బ్యాంకు కోచింగ్‌కు వెళ్లేవాళ్ల నోటా వస్తుంది. వాళ్లకు గ్రామర్ రాదనుకుంటే పొరపాటు. ఒకటైతే సింగులర్, ఒకటికి మించితే ప్లూరల్ అని చిన్న తరగతుల్లో నేర్చుకున్నది ఎవరూ మర్చిపోలేదు. ఆ సూత్రాన్ని మరీ నమ్మకంగా పట్టుకోవడం వల్లే తప్పు దొర్లుతోంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఇంగ్లీషులో సగం చోట్లే జవాబు దొరుకుతుంది. మిగతా సగంలో, ఆ మాట అక్కడ ఏం పని చేస్తోందో చూసుకోవాలి. దీనికి తోడు మన తెలుగు లెక్క ఒక చోట పడితే ఇంగ్లీషు లెక్క ఇంకో చోట పడుతుంది. ఈ రెండూ ఎక్కడ విడిపోతాయో తెలిస్తే చాలా చిక్కులు వాటంతటవే వీడిపోతాయి.

మొదటి చిక్కు మన ‘ల’ దగ్గర ఉంది. తెలుగులో ఒక నామవాచకం ఇంకో నామవాచకం ముందు చేరినప్పుడు చాలాచోట్ల తన బహువచనాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. రూపాయలు, రూపాయల నోటు. ఏళ్లు, పదేళ్ల పిల్లాడు. రోజులు, రెండు రోజుల టూరు. గంటలు, నాలుగు గంటల ప్రయాణం. చివరి ‘లు’ కాస్తా ‘ల’ అవుతుంది తప్ప బహువచనం ఎక్కడికీ పోదు. ఆ ‘ల’ను అలాగే ఇంగ్లీషులోకి దించితే టెన్ రుపీస్ నోట్, టెన్ ఇయర్స్ బాయ్, టూ డేస్ టూర్, ఫోర్ అవర్స్ జర్నీ అని వస్తాయి. ఇంగ్లీషులో అక్కడ ఎస్ తీసేస్తారు. టెన్ రుపీ నోట్, టెన్ ఇయర్ ఓల్డ్ బాయ్, టూ డే టూర్, ఫోర్ అవర్ జర్నీ.

పిల్లాడి వయసు విడిగా చెప్పినప్పుడు ఆ ఎస్ మళ్లీ వచ్చేస్తుంది. ‘ద బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్’ అంటాం. ఏళ్లు అవే పది. మొదటి వాక్యంలో ఆ మాట బాయ్ ముందుకు వచ్చి విశేషణం పని చేస్తోంది, రెండో దాంట్లో తన పని తాను చేసుకుంటోంది. ఇంగ్లీషులో విశేషణాలకు బహువచనం లేదు. పది చొక్కాలున్నా ‘బ్లూ షర్ట్స్’ అంటారు కానీ బ్లూకి ఎస్ పెట్టరు. నామవాచకం విశేషణం కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా అదే మర్యాద పాటిస్తుంది.

విచిత్రం ఏంటంటే, ఈ సూత్రం మనకు తెలియకుండానే మన నోటికి బాగా వచ్చు. బండిని టూవీలర్ అంటాం. ఉన్నవి రెండు చక్రాలే అయినా టూవీల్సర్ అని ఎవరూ అనరు. ఇల్లు వెతికేటప్పుడు ‘టూ బెడ్‌రూం ఫ్లాట్’ అంటాం. పెద్ద హోటల్ ‘ఫైవ్ స్టార్’. ఇంగ్లీషు ఒక్క ముక్క చదవని రైతు కూడా ‘త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడిస్తారు’ అని అడుగుతాడు, ఫేజెస్ అనడు. ఇవన్నీ మాటలుగా చెవిన పడ్డాయి కాబట్టి సరిగ్గా వచ్చాయి. రుపీ నోట్ దగ్గర మాత్రం మనం తెలుగు వాక్యాన్ని మనసులో అనుకుని ఇంగ్లీషులోకి మారుస్తాం, అక్కడ ‘ల’ అడ్డొస్తుంది. అనుమానం వచ్చినప్పుడు టూవీలర్‌ను గుర్తు తెచ్చుకోమని మా బ్యాచ్‌లో చెబుతుంటాను. సూత్రం చెప్పినప్పటికంటే ఇది త్వరగా ఎక్కుతుంది.

ఇంతకీ ఇంగ్లీషు మొదటి నుంచీ ఇలాగే ఉండేదా అంటే, లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషు ఈ విషయంలో అచ్చం మనలాగే ఉండేది. ‘ఆరడుగుల మనిషి’ అనడానికి అప్పట్లో వాళ్లకు కూడా ‘అడుగుల’ అనే అర్థమిచ్చే షష్ఠీ బహువచన రూపం ఒకటి ఉంది. ఫుట్‌కు ఆ రూపం ‘ఫోటా’ లాంటిది. కాలక్రమంలో పదాల చివరి అచ్చులు అరిగిపోయాయి. చివరి ‘ఆ’ ఊడిపోయేసరికి మిగిలింది ఏకవచనం లాగే కనిపించే ‘ఫుట్’. అందుకే ఈరోజుకీ ‘సిక్స్ ఫుట్ మ్యాన్’ అంటారు, సిక్స్ ఫీట్ మ్యాన్ అనరు. పదిహేను రోజులకు వాడే ‘ఫోర్ట్‌నైట్’ కూడా ఆ కాలపు మాటే. అందులో దాగి ఉన్నది పద్నాలుగు రాత్రులు, అయినా ఎస్ లేదు. పాత రూపం పోయినా మూస మాత్రం మిగిలింది, తర్వాత వచ్చిన మాటలన్నీ ఆ మూసలోనే పడ్డాయి. అంటే టెన్ రుపీస్ నోట్ అనే మనవాడు తనకు తెలియకుండానే వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషువాడి తర్కాన్ని పాటిస్తున్నాడు. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.

అంకెలు లేని చోట కూడా ఇదే కథ. అరండల్‌పేట నుంచి లక్ష్మీపురం దాకా షాపుల పేర్లు తెలుగులో అనుకుంటూ నడవండి. పుస్తకాల షాపు, చెప్పుల షాపు, బొమ్మల షాపు, గాజుల షాపు, కూరగాయల మార్కెట్టు, పూల కొట్టు. అన్నిట్లోనూ ‘ల’ ఉంది. ఇంగ్లీషులో బుక్ షాప్, షూ షాప్, టాయ్ షాప్, బ్యాంగిల్ షాప్, వెజిటబుల్ మార్కెట్, ఫ్లవర్ షాప్. ఒక్క దాంట్లోనూ ఎస్ లేదు. నోట్లో ముప్ఫై రెండు పళ్లున్నా టూత్‌బ్రష్‌తోనే తోముతారు. మిర్చి యార్డు పరిసరాల్లో బోర్డులు చూస్తే ‘చిల్లీ మర్చంట్స్’, ‘చిల్లీస్ మర్చంట్స్’ రెండూ కనిపిస్తాయి. మొదటిదే ఇంగ్లీషు పద్ధతి. బస్తాల కొద్దీ కాయలున్నా వ్యాపారి చిల్లీ మర్చంటే, పొడి చిల్లీ పౌడరే. కాయలను విడిగా చెప్పినప్పుడు మాత్రం ‘రెడ్ చిల్లీస్’.

తెలుగు కూడా ఈ విషయంలో ఒకే తీరుగా ఉండదు లెండి. కొత్తపేటలో కంటి ఆసుపత్రికి వెళ్తాం, కానీ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఉన్నది రెండు కళ్లయినా అక్కడ ఏకవచనం, ఇక్కడ బహువచనం. ఎందుకని అడిగితే ఎవరం చెప్పలేం. అలవాటు.

ఇంగ్లీషు పిల్లలకు ఈ సూత్రం ఎవరు నేర్పుతారు? 1985లో పీటర్ గోర్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద ఒక సరదా ప్రయోగం చేశాడు. ఎలుకలు తినేవాణ్ని ఏమంటారని అడిగాడు. అంతకుముందే ర్యాట్స్ అని బహువచనం పలికించినా పిల్లలు ‘ర్యాట్ ఈటర్’ అన్నారు, ఎస్ తీసేశారు. చుంచుల విషయంలో మాత్రం ‘మైస్ ఈటర్’ అనడానికి వెనకాడలేదు. మౌస్‌కు బహువచనం ఎస్ చేరిస్తే వచ్చేది కాదు, మాటే మారిపోయి మైస్ అవుతుంది. ఎస్‌తో చేసిన బహువచనాన్ని సమాసంలోకి రానివ్వకూడదని, వేరే రకం బహువచనమైతే పరవాలేదని ఆ వయసుకే వాళ్లకు తెలిసిపోయింది. ఇలాంటి మాటలు వాళ్ల చెవిన పడే అవకాశం కూడా పెద్దగా లేదు. మన పిల్లలకు ‘పళ్లు పొడి’ తప్పని, ‘పళ్ల పొడి’ ఒప్పని ఎవరూ పాఠం చెప్పరు కదా, ఇదీ అంతే.

ఇక్కడిదాకా విన్నాక చురుకైనవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. మరి స్పోర్ట్స్ డే సంగతేంటి? సేవింగ్స్ అకౌంట్, ఆర్ట్స్ కాలేజీ, గూడ్స్ రైలు, కస్టమ్స్ ఆఫీసర్, సేల్స్ మేనేజర్ మాటేంటి? వీటిలో ఎస్ ముందు మాటకే అతుక్కుని ఉంది.

నా లెక్కలో ఈ మొత్తం విషయంలో అసలు ఆసక్తికరమైన భాగం ఇదే. ఈ మాటల్లో ఎస్ ‘ఎక్కువ ఉన్నాయి’ అని చెప్పడం మానేసి కొత్త అర్థాన్ని తయారు చేసింది. గుడ్ అంటే మంచి, గూడ్స్ అంటే సరుకు. కస్టమ్ అంటే ఆచారం, కస్టమ్స్ అంటే సుంకం శాఖ. ఆర్ట్ అంటే కళ, ఆర్ట్స్ అంటే సైన్సు కాని చదువులు. సేవింగ్ అంటే పొదుపు చేయడం, సేవింగ్స్ అంటే పొదుపు చేసిన డబ్బు. ఎస్ తీసేస్తే అర్థమే మారిపోతుంది కాబట్టి తీయరు. గుడ్ ట్రైన్ అంటే మంచి రైలు అయిపోతుంది మరి. ఇందాకటి షాపుల వరసలో బట్టల షాపును కావాలనే వదిలేశాను. దాన్ని ‘క్లోత్స్ షాప్’ అనే అంటారు, ఎందుకంటే క్లాత్ అంటే గుడ్డ, క్లోత్స్ అంటే వేసుకునే బట్టలు.

రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర పొలం, ఇల్లు కొన్నవాళ్ల నోట వినపడేది ‘సేల్ డీడ్’. వ్యాపారులు జీఎస్టీకి ముందు కట్టింది ‘సేల్స్ ట్యాక్స్’. మాట ఒకటే, ఒక దాంట్లో ఎస్ లేదు, ఇంకో దాంట్లో ఉంది. సేల్ డీడ్ ఒక్క అమ్మకానికి రాసుకున్న కాగితం. సేల్స్ అంటే అమ్మకాలు అనే మొత్తం వ్యవహారం, ఒక వృత్తి, ఒక విభాగం. ఆఫీసు బోర్డుల్లోనూ ఇదే తేడా చూడొచ్చు. వసూలు చేసే పన్ను ఒక రకమైతే ‘ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్’, రకరకాల పన్నులు చూసే శాఖ ‘కమర్షియల్ ట్యాక్సెస్ డిపార్ట్‌మెంట్’. రకాలు వేరువేరని గట్టిగా చెప్పాలనుకున్నప్పుడు కూడా ఇంగ్లీషు ఎస్‌ను ఉంచుతుంది.

అయితే ఈ ఉంచడంలో ఇంగ్లీషువాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో 1868లో పెట్టిన కార్మిక సంఘాల సమాఖ్య పేరు ‘ట్రేడ్స్ యూనియన్ కాంగ్రెస్’. రకరకాల వృత్తుల వాళ్ల సంఘమని ఆ ఎస్. 1920లో మన దేశంలో పుట్టిన ఏఐటీయూసీ పేరులో ‘ట్రేడ్ యూనియన్’ అనే ఉంది, ఎస్ లేదు. బెజవాడలో ఎర్రజెండా ఊరేగింపులు చూసినవాళ్లకు ఆ బ్యానర్ పరిచయమే. రెండూ ఒకే పని చేసే సంస్థలు, రెండూ తప్పు కాదు. మత్తుమందుల సమస్యను బ్రిటన్ పత్రికలు ‘డ్రగ్స్ ప్రాబ్లం’ అని కూడా రాస్తాయి, అమెరికాలో ‘డ్రగ్ ప్రాబ్లం’ అనే అంటారు. ఇలాంటి చోట్ల విద్యార్థి నోట ఏది వచ్చినా నేను దిద్దను.

ఇంతకంటే టెన్షన్ పెట్టేది రెజ్యూమే. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి రెజ్యూమేలో రెండేళ్ల అనుభవం గురించి మూడు చోట్ల మూడు రకాలుగా రాశాడు. పైన ‘టూ ఇయర్ ఎక్స్‌పీరియన్స్’, మధ్యలో ‘టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’, కింద ‘టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’. టూ డే టూర్ అన్నారు కదా, మరి ఇక్కడ కూడా ఎస్ తీసేయాలా అని అడిగాడు. మంచి ప్రశ్న. తీయకూడదు. మూడో రకం పూర్తిగా సరైనది. రెండోది కూడా సరైనదే, ఇయర్స్ తర్వాత ఒక అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే కామా లాంటి గుర్తు) పెడితే. ఆ అపాస్ట్రఫీయే మన ‘ల’. ‘రెండేళ్ల అనుభవం’ అన్నప్పుడు తెలుగు చేసే పనే అది చేస్తోంది. అంటే మన పద్ధతి ఇంగ్లీషులో పూర్తిగా చచ్చిపోలేదు, ఒక మూల బతికే ఉంది.

ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. ఆ మొత్తం పదబంధం ముందు ‘ఎ’ పెట్టగలమా అని చూడండి. ‘ఎ టూ డే టూర్’ అనొచ్చు, టూర్ అనేది లెక్కపెట్టగల వస్తువు. ‘ఎ’ ఉంటే మధ్యలో ఎస్ ఉండదు. అనుభవాన్ని ఆ అర్థంలో లెక్కపెట్టలేం కాబట్టి ‘ఎ’ రాదు, అప్పుడు ఎస్, దాని వెనక అపాస్ట్రఫీ వస్తాయి. కొన్నిటికి రెండు దారులూ ఉన్నాయి. బస్టాండు పది నిమిషాల నడక అనాలంటే ‘ఎ టెన్ మినిట్ వాక్’ అనొచ్చు, ‘ఎ’ తీసేసి అపాస్ట్రఫీతో ‘టెన్ మినిట్స్ వాక్’ అనొచ్చు. రెండూ కలిపి ‘ఎ టెన్ మినిట్స్ వాక్’ అంటేనే చిక్కు. స్కూలు లీవ్ లెటర్లో తరాల నుంచి రాస్తున్న ‘టూ డేస్ లీవ్’ కూడా నిక్షేపంగా సరైనదే. అందులో తప్పిపోయింది అపాస్ట్రఫీ ఒక్కటే. దాన్ని ఏ హెడ్మాస్టరూ పట్టించుకుని సెలవు ఆపిన దాఖలా లేదు.

ఇప్పుడు రెండో పెద్ద తేడా. ఇది లెక్కకు రాని పదార్థాల దగ్గర వస్తుంది. తెలుగులో పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి, బియ్యం అయిపోయాయి, డబ్బులు లేవు. అన్నీ బహువచనాలే. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, రైస్, మనీ అన్నీ ఏకవచనాలే, ఎస్ చేరవు, వెనక ‘ఈజ్’ వస్తుంది. ఈ నాలుగింటి దగ్గర మనం పెద్దగా తప్పు చేయం, ఎందుకంటే చిన్నప్పటి నుంచి విన్నాం. ఎక్కడ జారతామంటే సలహాలు, సామాన్లు, నగలు, పరికరాలు లాంటి చోట. తెలుగులో బహువచనం ఉంది కదా అని అడ్వైసెస్, లగేజెస్, జ్యువెలరీస్, ఎక్విప్‌మెంట్స్ అని వచ్చేస్తాయి. విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ పెద్ద రోడ్డు చూసినా ‘ఫర్నిచర్స్’ అనే బోర్డు తగులుతుంది. ఇంగ్లీషులో ఇవన్నీ గుంపు పేర్లు. ఎన్ని కుర్చీలున్నా ఫర్నిచరే, ఎన్ని పెట్టెలున్నా లగేజే. ఒకటి అని చెప్పాలంటే ముందు కొలత మాట కావాలి. మనం ఒక గ్లాసు నీళ్లు, ఒక గుప్పెడు బియ్యం అన్నట్టే వాళ్లు ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అంటారు. సలహాను ముక్కల్లో ఇవ్వడం మనకు నవ్వొచ్చే మాటే, కానీ పద్ధతి మనదే.

ఏది గుంపు, ఏది విడి అనేదానికి లోకంలో తర్కం ఉందనుకుంటే మాత్రం నిరాశే. గోధుమలకు ఇంగ్లీషులో ‘వీట్ ఈజ్’. ఓట్స్‌కు ‘ఓట్స్ ఆర్’. రెండూ గింజలే, ఇంచుమించు ఒకే పరిమాణం. ఒకటి ఏకవచనం, ఇంకోటి బహువచనం. బఠానీల కథ ఇంకా బాగుంటుంది. పాత ఇంగ్లీషులో బఠానీల పేరే ‘పీజ్’. అది మన బియ్యం లాగా పదార్థం పేరు. చివర్లో వినపడే ‘జ్’ మాటలో భాగమే. జనం మాత్రం అది బహువచనం గుర్తని భ్రమపడ్డారు. పీజ్ అంటే చాలా ఉన్నాయన్నమాట, మరి ఒకటైతే ‘పీ’ అయి ఉండాలి అనుకున్నారు. పదిహేడో శతాబ్దంలో అలా ‘పీ’ అనే కొత్త మాట పుట్టి స్థిరపడిపోయింది. ‘చెర్రీ’ కూడా అంతే. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘చెరీజ్’ అనే ఏకవచనంలో చివరి ధ్వనిని బహువచనం అనుకుని కోసేశారు. ఒకప్పటి తప్పు ఇవాళ నిఘంటువులో ఒప్పు. ఫర్నిచర్స్ బోర్డు రాయించినవాణ్ని మరీ ఎగతాళి చేయకపోవడానికి నాకు ఈ బఠానీ చాలు.

బోర్డుల మాట వచ్చింది కాబట్టి ‘మీల్స్ రెడీ’ గురించి కూడా చెప్పాలి. మా కాలనీలో కుర్రాడొకడు అది తప్పని వాదిస్తాడు, ఒక్కడు తినేది మీల్ కదా అని. కానీ మన హోటల్లో మీల్స్ అంటే అన్నం, పప్పు, వేపుడు, పచ్చడి, సాంబారు, పెరుగు అన్నీ కలిపి వడ్డించే ఒక తీరు. ‘ఒక మీల్స్, రెండు మీల్స్ పార్సిల్’ అంటాం. అది గూడ్స్, కస్టమ్స్ లాగే ఎస్‌తో కలిసి కొత్త అర్థం తెచ్చుకున్న మాట. దక్షిణాది ఇంగ్లీషులో దానికి చోటుంది. ఆ బోర్డును నేను దిద్దను. విదేశీయుడితో మాట్లాడేటప్పుడు మాత్రం ‘ఐ హ్యాడ్ మీల్స్’ అనకుండా ‘ఐ హ్యాడ్ లంచ్’ అంటే వాడికి అర్థమవుతుంది.

తెలుగులో ఏకవచనం ఉండి ఇంగ్లీషులో బహువచనమయ్యేవీ ఉన్నాయి. ప్యాంటు, కత్తెర, కళ్లజోడు మనకు ఒక్కొక్క వస్తువు, వాళ్లకు రెండేసి భాగాల జతలు. ట్రౌజర్స్, సిజర్స్, గ్లాసెస్. ఇవి అందరికీ తెలిసినవే, ఆగక్కర్లేదు. ఆగాల్సింది రైలు దగ్గర. గుంటూరు నుంచి దూరం వెళ్లేవాళ్లతో ‘బెజవాడలో రైలు మారాలి’ అంటాం. దాన్ని ‘చేంజ్ ద ట్రైన్’ అంటే రైలునే మార్చేయమన్నట్టు ఉంటుంది. ఇంగ్లీషులో ‘చేంజ్ ట్రైన్స్ ఎట్ విజయవాడ’ అనాలి. దిగింది ఒక రైలు, ఎక్కింది ఇంకోటి, పనిలో రెండు రైళ్లున్నాయి కాబట్టి బహువచనం. ‘షేక్ హ్యాండ్స్’లో ఎస్ ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. నేనిచ్చేది ఒక చెయ్యే, కానీ కలిసేవి రెండు. ‘ఐ మేడ్ ఫ్రెండ్స్ విత్ హిమ్’ కూడా ఇదే కోవ. స్నేహం కుదిరింది ఒక్కడితోనే అయినా, స్నేహితులైనవాళ్లు ఇద్దరు. మనకు రైలు ‘మారడం’ ఒకే పని. వాళ్లు ఆ పనిలో ఎన్ని వస్తువులు చేతులు మారాయో చూస్తారు.

కొన్నిటికి మాత్రం ఇలాంటి వివరణ ఏమీ లేదు, అలా గుర్తుపెట్టుకోవడమే. థాంక్స్, కంగ్రాచ్యులేషన్స్, బెస్ట్ విషెస్ ఎప్పుడూ బహువచనాలే. ఎన్నికలు అయిన మర్నాడు వెలిసే ఫ్లెక్సీల్లో ఎస్ లేని కంగ్రాచ్యులేషన్ కనిపిస్తే అది తప్పే. ఉత్తరం చివర ‘బెస్ట్ రిగార్డ్స్’లో ఎస్ ఉండాలి, వాక్యం మొదట్లో ఫలానా విషయానికి సంబంధించి అనే అర్థంలో వాడే ‘విత్ రిగార్డ్ టు’లో ఉండకూడదు. ఈ రెండోది ఆఫీసు మెయిళ్లలో చాలామంది ఎస్‌తో రాసేస్తారు.

మనవాళ్ల ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా దొర్లే తప్పు ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’. ఒక్కడి గురించే చెబుతున్నాం కదా, ఎస్ ఎందుకని అనిపిస్తుంది. మన వాక్యం ‘నా ఫ్రెండ్ ఒకడు అమెరికాలో ఉన్నాడు’. ఇందులో ఫ్రెండ్ ఏకవచనం, ఒకడూ ఏకవచనం, గుంపు ఎక్కడా లేదు. ఇంగ్లీషు మాత్రం ముందు గుంపును నిలబెట్టి, అందులోంచి ఒకణ్ని బయటకు తీస్తుంది. ‘నా ఫ్రెండ్స్‌లో ఒకడు’ అని తెలుగులో అనుకుంటే ఎస్ తనంతట తనే వస్తుంది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఇన్ అమెరికా’. గుంపుకు ఎస్, ఒకడికి ఈజ్. గుంపు ఊసే వద్దనుకుంటే ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్’ అనండి, అది మన వాక్యానికి ఇంకా దగ్గర.

అంకెల విషయం త్వరగా ముగించొచ్చు. తెలుగులో రెండు వందలు, మూడు వేలు, ఐదు లక్షలు అంటాం. ఇంగ్లీషులో ముందు కచ్చితమైన అంకె ఉంటే టూ హండ్రెడ్, త్రీ థౌజండ్, ఫైవ్ లాక్. అంకె లేకుండా వందలకొద్దీ, వేలకొద్దీ అంటేనే హండ్రెడ్స్ ఆఫ్, థౌజండ్స్ ఆఫ్. డబ్బు మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తారు కాబట్టి ‘టెన్ థౌజండ్ రుపీస్ ఈజ్ నాట్ ఎనఫ్’ అంటే తప్పు లేదు, రుపీస్ పక్కన ఈజ్ చూసి కంగారు పడక్కర్లేదు.

అపాస్ట్రఫీ స్థానం గురించి ఒక ముచ్చట. మదర్స్ డేలో అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు ఉంటుంది, అంటే ‘ఒక తల్లి రోజు’. ఆ పండుగ కోసం పట్టుబట్టిన అన్నా జార్విస్ అలాగే ఉండాలంది. లోకంలోని తల్లులందరికీ మొక్కుబడిగా కాకుండా, ఎవరి అమ్మను వాళ్లు తలుచుకోవాలని ఆమె ఉద్దేశం. అమెరికాలో 1914 నాటి అధ్యక్షుడు విల్సన్ ప్రకటనతో అది అధికారికమైంది. మనం సెప్టెంబర్ 5న చేసే టీచర్స్ డేలో మాత్రం అపాస్ట్రఫీ ఎస్ తర్వాత పెడతారు, అది ఉపాధ్యాయులందరిదీ. పలికితే రెండింటికీ తేడా తెలియదు, కాగితం మీదే తెలుస్తుంది.

ఇంత చెప్పినా ప్రతి మాటకూ సూత్రం వెతుక్కోవడం అయ్యే పని కాదు. నేర్చుకునేవాళ్ల కోసం వేసే ఇంగ్లీషు నిఘంటువుల్లో ప్రతి నామవాచకం పక్కనా చిన్నగా ‘సి’ అనో ‘యు’ అనో అక్షరం ఉంటుంది. మొదటిది లెక్కపెట్టదగినది, ఎస్ తీసుకుంటుంది. రెండోది తీసుకోదు. అర్థంతో పాటు ఆ అక్షరం కూడా చూసే అలవాటు మా బ్యాచ్‌లో చాలామందికి లేదు, ఫోన్లో అర్థం చూసి మూసేస్తారు. కొన్ని మాటలకు రెండు అక్షరాలూ ఉంటాయి, అర్థాన్ని బట్టి మారతాయి. పేపర్ అంటే రాసుకునే కాగితమైతే యు, పొద్దున్నే వచ్చే పత్రికైతే సి. తల మీది జుట్టంతా కలిపి హెయిర్ అంటే యు, సాంబారులో దొరికిన వెంట్రుకైతే సి. ఎక్స్‌పీరియన్స్ కూడా అలాంటిదే. ప్రయాణాల్లో ఎదురైన అనుభవాలు సి, ఉద్యోగంలో సంపాదించిన అనుభవం యు. రెజ్యూమేలో రాయాల్సింది ఈ రెండోది, కాబట్టి ఎక్స్‌పీరియన్స్ చివర ఎస్ పెట్టకండి, ఇయర్స్ చివర మాత్రం అపాస్ట్రఫీ మర్చిపోకండి.